గవాచికి మూత

కోసిగి,
6 మార్చి 2025

అన్నా,

సలాం. ఫోన్ చేస్తే నువ్వు ‘ఆఁ, ఆఁ’ అంటావు. నేను గొంతు చించుకుంటాను. చివరికి దిల్షాద్ ఫోన్ లాక్కుని, “మామకు వినపడలేదత్తా, మళ్ళీ చేయి” అంటుంది. మీ కోడలు ఏం చేస్తుంది పాపం. నలభై ఏళ్లు బస్సు బాడీల మీద సుత్తి కొట్టిన చెవులు నీవి. పోయినసారి నేను చెప్పిన సంగతులన్నీ మా వీధికంతా వినపడ్డాయి, నీకు తప్ప. అందుకే ఉత్తరం.

సంగతి ఇది. మా పిల్ల సాజియా స్కూలు వ్యాను నడుపుతుంది కదా. స్కూలువాళ్లు కొత్త బండి తెచ్చుకుని పాతది అమ్మేస్తుంటే ఇదే కొనింది. సీట్లు పీకించి, రెండు వైపులా బల్ల మంచాలు, ఒక మూల గ్యాసు పొయ్యి, నీళ్ల క్యాను పెట్టించింది. ఎండాకాలం సెలవుల్లో నేను, ఉరుకుందమ్మ, సాజియా ఆ బండిలోనే ఉంటూ ఊర్లు తిరుగుతాం. మహానంది, గండికోట, అట్నుంచి కడపకు మీ ఇంటికి. ముప్ఫై ఏళ్లు అంగన్‌వాడీలో నేను టీచరుగా, ఉరుకుందమ్మ ఆయాగా చేశాం. ఏటా ఊరంతా సుగ్గికని మూటలు కట్టుకుని కూలికి పోతుంటే, వాళ్లు వదిలిపోయిన పిల్లలకు ఉప్మా వండిపెట్టాం. ఇప్పుడు మా వంతు.

అయితే ఒక చిక్కుంది. రంజాన్ మొదలవకముందు ఒక మధ్యాహ్నం, చూద్దామని ముగ్గురం బండిలో కూర్చుని టీ కాచుకున్నాం. టీ మరగకముందే మేం ఉడికిపోయాం. ఉరుకుందమ్మ బయటికి దూకి, “యాడికన్నా వస్తా గానీ టీచరమ్మా, ఊపిరాడక సచ్చేది మాత్రం నాకొద్దు” అని కూర్చుంది. తను రాకపోతే నేనూ పోను. కిటికీలు తీసినా వేడి పైకప్పు కింద అట్లాగే నిలబడుతుంది.

పైన కంత కోయాలని, దానికి వాన పడనివ్వని మూత పెట్టాలని సాజియా అంటోంది. తెల్లవాళ్ల ఇల్లులాంటి బండ్లకు ఉంటాయట, ఫోన్లో చూపించింది. చూడగానే నాకు మన చౌడు మిద్దె గవాచి గుర్తొచ్చింది. పొగ పోవడానికి, వెలుతురు రావడానికి ఆ ఒక్క కంతే కదా ఇంటికంతా. అందులోంచి పడే ఎండ నేల మీద జరుగుతూ రోలు దగ్గరికి వస్తే, జేజి చేనికి సద్ది పంపేది. మిద్దె మీద నువ్వే కదా బండ మూసేది, తీసేది. ఈ బండికి కూడా గవాచి మూత నువ్వే చేసివ్వాలి. ఇంకెవరు చేసినా నేను ఎక్కను.

ఈ రోజు ఐదో ఒక్కపొద్దు. ఎండ మండిపోతోంది. నువ్వు మాత్రలు వేసుకునేవాడివి, మొండికేసి ఉపవాసాలు ఉండొద్దు.

నీ చెల్లెలు
జులేఖా


కడప,
15 మార్చి 2025

జులేఖాకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం.

పైకప్పుకు కంతలు కోయొద్దు. బండి రేకు ఒకసారి కోస్తే అక్కడి నుంచి తుప్పు పడుతుంది. నేను పని మానేసి నాలుగేళ్లయింది. చేతులు వణుకుతున్నాయి. ఆదోనిలో చాలామంది మెకానిక్కులున్నారు, వాళ్లను అడుగు.

మిద్దె సంగతి, బండ సంగతి ఇప్పుడు ఎత్తాల్సిన అవసరం లేదు. నువ్వు ఎందుకు ఎత్తావో నాకు అర్థమైంది.

లాల్ అహమ్మద్


కోసిగి,
22 మార్చి 2025

లాల్ అహమ్మద్ గారికి,

పేరు మొత్తం రాసి సంతకం పెట్టావు కదా, నేనూ అట్లాగే పిలుస్తున్నాను. పంచాయతీ ఆఫీసు నుంచి నోటీసు వచ్చిందేమోనని సాజియా భయపడింది.

నాకేమీ అర్థం కాలేదు, నీకేం అర్థమైందో. ఆడవాళ్లం ముగ్గురం మగతోడు లేకుండా బండి కట్టుకుని తిరగడం నీకు ఇష్టం లేదు, అంతేనా? ఆ మాట నేరుగా రాయొచ్చు కదా. తుప్పు అంటావు, చేతులు వణుకుతున్నాయంటావు. పోయిన ఏడు దిల్షాద్ పుట్టింటి గేటుకు తామరపూలు కొట్టిచ్చింది ఎవరు? ఆ ఫొటో నా దగ్గర ఉంది. వణికే చేతులకు అంత నున్నటి రేకులు వస్తాయా?

మా ఆయన పోయాక సాజియాను చదివించి, డ్రైవింగ్ నేర్పించి, లైసెన్సు ఇప్పించినప్పుడు ఊర్లో అందరూ నోరు చేసుకున్నారు. నువ్వొక్కడివే, “పిల్ల బండి నడిపితే తప్పేముండాది, నువ్వు ధైర్యంగా ఉండు” అన్నావు. ఆ మనిషివి ఇప్పుడు ఇట్లా మారిపోయావా అని రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆదోని మెకానిక్కు వచ్చి చూశాడు. “కంతైతే కోస్తానమ్మా. మూత మాత్రం నా వల్ల కాదు, కురుస్తాది” అన్నాడు. సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. జూన్‌లో స్కూలు తెరిస్తే సాజియాకు మళ్ళీ తీరిక ఉండదు. నాకు మోకాళ్లు ఇంకో ఏడాది ఇట్లాగే ఉంటాయన్న నమ్మకం లేదు.

నీకు ఇష్టం లేదంటే మానేస్తాను. ఎందుకు ఇష్టం లేదో మాత్రం చెప్పు. నేనేం తప్పు మాట రాశానో చెప్పు.

జులేఖా బీ
(నేనూ మొత్తం రాశాను)


కడప,
2 ఏప్రిల్ 2025

చెల్లీ,

పండగ బాగా జరిగింది. సేమ్యా తిన్నాను. నీ ఉత్తరం దిల్షాద్ చేత కూడా చదివించుకున్నాను, నేను తప్పుగా చదివానేమోనని. తను, “మామా, అత్త నిన్ను ఒక్క మాట కూడా అనలేదు, మూత అడిగింది అంతే” అంది.

మీరు బండేసుకుని తిరగడం నాకు సంతోషమే. కడపలో నా స్నేహితులందరికీ చెప్పాను కూడా. నాకు ఆడవాళ్ల ప్రయాణం అడ్డం కాదు.

నువ్వు “బండ మూసేది, తీసేది నువ్వే కదా” అని రాశావు. చదువుతూ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. యాభై మూడేళ్లకు నా చెల్లెలు ఆ మాట అడిగేసింది అనుకున్నాను.

నాకు పద్నాలుగేళ్లు. కరువు ఏడు. సిరుగుప్ప వైపు వరికోతలకని ఇంటికంతా బండి కట్టాం. సుగ్గికి పోయేటప్పుడు ఇల్లు ఖాళీ చేసి, తలుపుకు తాళం వేసి, చివర్న ఇంటి పెద్ద కొడుకు మిద్దె ఎక్కి గవాచి మీద బండ వేసి, చుట్టూ తడిమట్టి మెత్తి రావాలి. మూడు నెలలు పిల్లులు, వాన లోపలికి పోకుండా. ఆ ఏడు జేజికి దగ్గు ఎక్కువై రానంది. తన తల్లికి తోడుగా నిన్ను వదిలిపెట్టి పోవాలని నాయన చెప్పాడు. నాకు తెలుసు. తెలిసి కూడా పెరటి నిచ్చెన ఎక్కి ఎప్పటిలాగే బండ వేశాను, మట్టి మెత్తాను. ఇల్లు ఖాళీ అనుకున్నాను. కింద జేజి పడుకుని ఉంది. పొయ్యిలో పచ్చి పత్తికట్టె రాజుకుంటూ ఉంది.

ఊరి బయట బండిలో మూటల కింద నువ్వు దొరికావు. నాయన నిన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చేసరికి పక్కింటి సుబ్బయ్య మామ దగ్గరేసిన తలుపు తోసి, జేజిని వాకిట్లోకి లాగి పడుకోబెట్టి ఉన్నాడు. ఇంటి నిండా పొగ. జేజి కళ్లు రెండూ ఎర్రగా ఉన్నాయి. మాట్లాడబోతే దగ్గే. నాయన చెర్నాకోల తీసుకున్నాడు. నేను ఏడవలేదు.

తర్వాత ఇరవై రెండు రోజులకు సిరుగుప్పలో ఉండగా మనిషి వచ్చి జేజి పోయిందని చెప్పాడు.

కోసిగికి పెళ్లిళ్లకు వచ్చాను, మీ ఆయన పోయినప్పుడు వచ్చాను. మన మిద్దె ఉన్న వీధిలోకి మాత్రం పోలేదు. ఆ మిద్దె కూలిపోయిందని నువ్వు చెప్పినప్పుడు, తప్పుగా అనుకోకు, కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. నా బతుకంతా బస్సులకు పైకప్పులు వేశాను. ప్రతి దానికీ గాలి పోయే కంత పెట్టాను, అడిగినా అడగకపోయినా. షెడ్డులో నన్ను కంతల సాయిబు అని ఎగతాళి చేసేవాళ్లు.

ఇప్పుడు చెప్పు. నీకు మూత నేను చేయాలా?

అన్న


కోసిగి,
9 ఏప్రిల్ 2025

అన్నా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మూడుసార్లు రాసి చింపేశాను.

జేజికి ఆ దగ్గు నేను పుట్టకముందు నుంచీ ఉంది. అమ్మ కూడా అదే చెప్పేది. చివరి రోజుల్లో జ్వరం కూడా వచ్చింది. పొగ వల్లే పోయిందని ఎవరు చెప్పగలరు? కాదని కూడా నేను చెప్పలేను, నిజమే. కానీ ఆ ఇరవై రెండు రోజులు నేను జేజి పక్కనే ఉన్నాను కదా. నీ మీద ఒక్కరోజు కూడా కోపం చేసుకోలేదు. సుబ్బయ్య మామ బండ పక్కకు జరిపాక, మళ్ళీ ఎండ నేల మీద పడింది. జేజి దాని పక్కకు మంచం వేయించుకుంది. “మీ అన్న ఇప్పుడు కోతకాడికి పోయింటాడు, సద్ది తినింటాడో లేదో” అని, ఎండ చూసి టైము చెప్పేది. మజ్జిగలో రొట్టె నానబెట్టి నాకు తినిపించి, మిగిలింది తను తినేది. నాకు ఆ రోజులు శానా ఇష్టంగా గుర్తున్నాయి. ఇంట్లో ఇద్దరమే. ఎండ గోడ ఎక్కేదాకా కబుర్లు చెప్పేది. నీ మీద ఎందుకు కోపం వస్తుంది తనకు?

మిగతా సంగతి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. అన్నీ కాగితం మీద రావు.

మూత నువ్వే చేయాలి. ఇప్పుడు ఇంకా గట్టిగా అడుగుతున్నాను. నువ్వు చేయకపోతే బండి అమ్మేయమని సాజియాకు చెప్పేశాను. పిల్ల ముఖం చిన్నబోయింది. ఉరుకుందమ్మ అయితే అప్పుడే కొత్త చీర కూడా తీసుకుంది, మహానంది కోనేట్లో మునగడానికి. “మీ అన్నకు నా మాటగా రాయి టీచరమ్మా, ఆ తండ్రి చేసిస్తే పోతా పోతా కడపలో ఆయనకు రాగిసంగటి చేసి పెడ్తా” అంటోంది.

కంత కొలత పద్నాలుగు అంగుళాలు పెట్టమంటావా?

నీ జులేఖా


కడప,
18 ఏప్రిల్ 2025

చెల్లీ,

మూత తయారైంది. ఆర్టీసీ కార్గోలో ఆదోనికి పంపుతున్నాను, సాజియాను పోయి తెచ్చుకోమను. పాత షెడ్డు తాళం తీయించి నాలుగు రోజులు కూర్చున్నాను. చేతులు వణికాయి, నిజంగానే. సుత్తి పడితే మాత్రం వణకలేదు.

కంత పద్నాలుగు అంగుళాలు, చదరంగా. కోసిన అంచుకు లోపలా బయటా పెయింటు రెండుసార్లు కొట్టమను. కంత చుట్టూ రెండంగుళాల గట్టు నేను చేసి పంపాను, దాన్ని ముందు బిగించాలి. కింద రబ్బరు పట్టీ, పైన సీలు వేసే పేస్టు. వాన నీళ్లు పైకప్పు మీద పారినా గట్టు దాటి లోపలికి రావు. గట్టు మీద మూత. దానికి మూడు వైపులా రేకు మూసి ఉంటుంది, ఒక వైపు నోరు తెరిచి ఉంటుంది. నోటికి దోమల జాలీ వేశాను. వానలో కూడా మూయాల్సిన పని లేదు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అట్లా ఉండాలనే చేశాను.

పైన కంత ఒక్కటే ఉంటే చాలదు. నీడ వైపు కింది కిటికీ కొంచెం తీసి పెట్టాలి. చల్లగాలి కింద నుంచి వస్తేనే వేడిగాలి పైన పోతుంది. గ్యాసు పొయ్యి వెలిగించినప్పుడు కిటికీ తీయకుండా ఎవరూ కూర్చోకూడదు. ఇది ఉరుకుందమ్మకు గట్టిగా చెప్పు.

మూత నోరు తూర్పు వైపు ఉండాలి. మన వైపు వానలన్నీ పడమటి నుంచే కొడతాయి.

రాగిసంగటి తింటాను. మాంసం కూర కూడా చేయమను.

అన్న


కోసిగి,
27 ఏప్రిల్ 2025

అన్నా,

నువ్వు రేకుపని చేసే టింకరివా, పంచాంగం చెప్పేవాడివా?

మూత వచ్చింది. చూడముచ్చటగా ఉంది, వీధిలో వాళ్లంతా వచ్చి చూసిపోయారు. మెకానిక్కు బిగించేటప్పుడు మా వాకిట్లో బండి ముఖం తూర్పుకు ఉంది. “నోరు ముందరికి పెడ్తే ఎట్లమ్మా, ఎనక్కి పెట్టల్ల గదా” అన్నాడు. “మా అన్న నలభై ఏండ్లు బస్సులకు కప్పులేసినాడు, తూర్పు అని రాసినాడు, తూర్పుకే పెట్టు” అని వాడి నోరు మూయించాను. వాకిట్లో రెండు రోజులు బ్రహ్మాండంగా పని చేసింది. మధ్యాహ్నం లోపల కూర్చుని టీ తాగాం. వేడి అట్లా పైకి పోతుంటే, మన మిద్దెలో కూర్చున్నట్టే ఉంది నాకు.

మూడో రోజు చూద్దామని ఆదోని రోడ్డెక్కాం. ముందు కంకర లారీ. దాని దుమ్మంతా మూత నోట్లో పడి, నేరుగా లోపలికి. కిందే కూర్చున్న ఉరుకుందమ్మ పిండిమర నుంచి వచ్చినట్టు తయారైంది. అది చాలదని దోవలో వాన పట్టుకుంది. బండి ఎంత వేగంగా పోతే అంత నీళ్లు. “నోరు మూసుకో టీచరమ్మా, మీ అన్న నాకు తలంటు పోస్తాండాడు” అని తను, నవ్వలేక నేను.

బండికి తూర్పు ఏంటి అన్నా? అది ఎటు తిరిగితే అటే కదా తూర్పు. నువ్వు మూత చేసేటప్పుడు నీ ఆలోచన బండి మీద లేదు, మిద్దె మీద ఉంది. నేను రాసిన ఉత్తరాల వల్లే ఇట్లా అయింది. నాకూ బుద్ధి లేదు, మెకానిక్కు చెప్పినా వినలేదు.

పీకి తిప్పమంటే, పేస్టు గట్టిపడింది, పీకితే రేకు చిరుగుతుంది అంటున్నాడు మెకానిక్కు. ఏం చేయాలో రాయి.

జులేఖా


కడప,
1 మే 2025

చెల్లీ,

నీ ఉత్తరం చదివి దిల్షాద్ నవ్విన నవ్వు నాకు కూడా వినపడింది.

తప్పు నాదే. ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. పనిముట్లు తెస్తున్నాను. తిప్పి బిగించాక మీతోపాటే బండిలో కడప దాకా వస్తాను, దోవలో కురిస్తే చూసుకోవచ్చు. ఒక మంచం నాకు ఉంచండి. ఉరుకుందమ్మకు ఇష్టం లేకపోతే ముందు సీట్లో కూర్చుంటాను.

వచ్చినప్పుడు మన పాత వీధికి తీసుకుపో. ఒంటరిగా పోలేను.

అన్న


మహానంది,
9 మే 2025

ఎదుటి మంచం మీద కూర్చుని నా వైపు వింతగా చూస్తున్న అన్నకు,

చేతికి అందేంత దూరంలో ఉండి ఉత్తరమేంటి అనుకుంటున్నావు. ఇది అరిచి చెప్పే మాట కాదు. పక్కన బండ్లవాళ్లు ఉన్నారు. సాజియా, ఉరుకుందమ్మ కోనేటి నుంచి తిరిగి రావడానికి ఇంకా గంట పడుతుంది.

ఆదివారం పాత వీధిలో నువ్వు కూలిన గోడల ముందు నిలబడి, “ఈడ నిచ్చెన ఉండె” అన్నావు. అప్పుడే చెప్పాలని నోటిదాకా వచ్చింది. నువ్వు కళ్లు తుడుచుకుంటుంటే చెప్పలేకపోయాను. ఏప్రిల్‌లో నేను చింపేసిన మూడు కాగితాల్లో రాసింది కూడా ఇదే.

అన్నా, ఆ రోజు పొద్దున నువ్వు నిచ్చెన మీద సగం ఎక్కి, “జేజి ఏది?” అని నన్ను అడిగావు. నేను కింద నిలబడి ఉన్నాను. “జేజి గూడా వస్తాంది, బండెక్కి కూచున్నాది, మూసెయ్” అన్నాను. జేజికి తోడుగా నన్ను ఇంట్లో వదిలేస్తారని నాకు ఏడుపు. నువ్వు జేజిని వెతుక్కుంటూ కిందికి దిగితే, నేను మూటల కింద దూరడం చూసి నాయనకు చెప్తావని భయం. అందుకని అబద్ధం చెప్పి, నువ్వు పైన మట్టి మెత్తుతుండగా పరిగెత్తి మూటల కింద దూరాను.

నువ్వు ఇల్లు ఖాళీ అనుకున్నది నా మాట మీద. నీ ఉత్తరంలో అది లేదు. మరిచిపోయావు అనుకున్నాను. మరిచిపోయాడు కదా, ఎందుకు చెప్పడం అని కూడా అనుకున్నాను. నాయన నిన్ను కొడుతుంటే గుమ్మం పట్టుకుని నిలబడి చూశాను. నోరు తెరవలేదు. యాభై మూడేళ్లు తెరవలేదు. ఇంత మంచి మూత చేసిచ్చి, వచ్చి తిప్పి బిగించాక, దాని కింద పడుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

నన్ను తిట్టు. వాళ్లు వచ్చేలోగా తిట్టేయి. ఇది చదివాక నా ముఖం చూస్తావో లేదో నాకు తెలియదు.

జులేఖా


(అదే కాగితం వెనక)

చెల్లీ,

నీ పెన్ను సరిగా రాయడం లేదు.

నేను మరిచిపోలేదు. “మూసెయ్” అని నువ్వు చెప్పిన మాట, అప్పుడు నువ్వు వేసుకున్న పచ్చ లంగా, అన్నీ గుర్తున్నాయి. నాయన చెర్నాకోల ఎత్తినప్పుడు కూడా గుర్తుంది. నీకు ఎనిమిదేళ్లు. నీ వీపు ఆ దెబ్బలకు ఆగేది కాదు.

నువ్వు చెప్పావు సరే. పద్నాలుగేళ్లవాణ్ణి, మట్టి మెత్తేముందు వంగి ఒక్కసారి లోపలికి చూసి ఉండాల్సింది నేను. అదొక్కటే నా తప్పు. నీ తప్పు నీకు గుర్తులేదనుకున్నాను. చిన్నపిల్ల కదా, మరిచిపోయి ఉంటుంది, అట్లాగే ఉండనీ అనుకుని, అమ్మకు చెప్పలేదు, నీ వదినకు కూడా చెప్పలేదు. నా బతుకులో నేను సరిగ్గా చేసిన పని ఏదైనా ఉందంటే అదే అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

నిన్ను కాపాడాను అనుకున్నాను. నువ్వు ఒక్కదానివే మోస్తున్నావని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఎప్పుడో వచ్చేవాణ్ణి.

లాల్ అన్న